గుత్తిలో వంద పూలు, గంపలో ఎన్ని పండ్లు?

మన సంతలో దొరికే టమాటా మొక్క ఒక్కో గుత్తికి ఐదారు పూలు, మహా అయితే ఎనిమిది పూస్తుంది. చెర్రీ టమాటా అయితే పదిహేను, ఇరవై, ఒక్కోసారి ముప్పై. వీటిని మించిన రకాలు ఇంకొన్ని ఉన్నాయి. వాటి గుత్తి కొమ్మలు వేస్తుంది, ఆ కొమ్మలు మళ్లీ చీలుతాయి, చివరికి ఒక్క కాడ మీదే వంద పూలు, రెండు వందల పూలు కూడా లెక్కకొస్తాయి. విత్తన ప్యాకెట్ల మీద వీటిని మల్టీఫ్లోరా అంటారు. మనం బహుపుష్ప రకాలు అనుకోవచ్చు. పసుపు పూలతో కిందికి వేలాడే ఆ గుత్తి ఫొటో ఫోన్లో చూశాక విత్తనం కోసం ఆరా తీయని తోటమాలి ఉండడు.

ఫొటో ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం తక్కువమంది వేసుకుంటారు. అది జర్మనీ పెరడుదో, అమెరికాలోని ఒరెగాన్ తోటదో అయి ఉంటుంది. అక్కడి జులై మధ్యాహ్నం మన డిసెంబరు మధ్యాహ్నంలా ఉంటుంది. ఆ రకాలు నల్లగొండ, పాలమూరు చెల్కల్లో ఏమవుతాయి, ఇక్కడ వాటిని ఏ కొలతతో పోల్చాలి, ఎవరికి పనికొస్తాయి, ఎవరు జోలికి పోకూడదు అన్నవే ఈ సమీక్షలో చూడాల్సిన విషయాలు.

గుత్తి ఎందుకు చీలుతుంది

టమాటా మొక్క కొసన ఉండే లేత కణజాలం ఒక దశలో ఆకులు వేయడం ఆపి పువ్వుగా మారుతుంది. మారే ముందు పక్కన ఇంకో మొగ్గకు చోటిస్తుంది. అదీ పువ్వుగా మారే ముందు మరోదానికి చోటిస్తుంది. గుత్తిలో పూలు అటొకటి ఇటొకటిగా వంకర వరుసలో రావడానికి కారణం ఇదే. ఈ మార్పు చప్పున జరిగితే పూలు తక్కువ. ఆలస్యమైతే ఆ సందులో కణజాలం ఒకటికి రెండుగా, రెండుకు నాలుగుగా చీలి కొమ్మలు వేస్తుంది. 2008లో జకరీ లిప్‌మన్ అనే జన్యు శాస్త్రజ్ఞుడి బృందం ఈ ఆలస్యం వెనక ఉన్న జన్యువులను గుర్తించింది. వాటిలో ఒకదాన్ని ఎస్ అంటారు, ఇంగ్లిషులో సంయుక్త పుష్పగుచ్ఛం అనే అర్థమిచ్చే పేరుకు అది గుర్తు. ఆ జన్యువు దెబ్బతిన్న మొక్కల్లో గుత్తి చెట్టులా కొమ్మలు వేస్తుంది. రెండోది అనంత. అది పూర్తిగా దెబ్బతింటే మొగ్గలు కొమ్మలు వేస్తూనే పోతాయి, పువ్వుగా విచ్చుకునేదే ఉండదు, చూడటానికి కాలీఫ్లవర్ లాగా ఉంటుంది. ఆ పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడికి సంస్కృతం వచ్చేమో అనిపించేంత సరిగ్గా కుదిరింది.

రైతుకు ఇందులోంచి అక్కరకొచ్చే విషయాలు రెండున్నాయి. మొదటిది, ఎస్ లక్షణం అంతర్గతం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే గుత్తి చీలుతుంది. మామూలు రకంతో సంకరం చేస్తే మొదటి తరంలో మామూలు గుత్తే వస్తుంది, రెండో తరంలో సుమారు నాలుగో వంతు మొక్కల్లో పెద్ద గుత్తి తిరిగి కనిపిస్తుంది. రెండోది, గుత్తి ఎంత పెద్దదవుతుందన్నది జన్యువు ఒక్కటే తేల్చదు, చలికీ అందులో వాటా ఉంది. మొలకెత్తిన మొదటి రెండు మూడు వారాల్లో నారు చల్లగా ఉంటే మొదటి గుత్తుల్లో పూలు పెరుగుతాయని 1950ల నాటికే ఇంగ్లండులో పరిశోధకులు తేల్చారు. జనవరిలో నర్సరీలో పెరిగిన నారుకూ ఏప్రిల్‌లో పెరిగిన నారుకూ ఒకే ప్యాకెట్ విత్తనంతో వేరువేరు గుత్తులు వస్తాయి. విత్తిన తేదీ చెప్పకుండా రకాలను పోల్చిన మాట ఎవరు చెప్పినా నేను పక్కన పెడతాను.

తూకం లెక్క

ఇక్కడో చిన్న గుణకారం చేద్దాం. నాటు టమాటా గుత్తికి ఐదు పండ్లు, పండు ఎనభై గ్రాములు: మొత్తం నాలుగు వందల గ్రాములు. బహుపుష్ప రకం గుత్తికి ఎనభై పండ్లు నిలిచాయనుకుందాం, పండు ఐదు గ్రాములు: మొత్తం నాలుగు వందల గ్రాములే. గుత్తికి అటూ ఇటూ ఉన్న ఆకులు తయారుచేసే చక్కెర ఎంతో, గుత్తి తూకం అంతే. పూలు పెరిగినంత మాత్రాన ఆకులు పెరగవు. మొక్క తనకున్నదాన్ని ఎక్కువ ముక్కలుగా పంచుతుంది, అంతే.

పైగా ఎనభై నిలవడం కూడా పెద్ద మాట. రెండు వందల పూల గుత్తి ఒక్కసారిగా విచ్చుకోదు. మొదటి పువ్వు కాయై, కాయ పండై, పండు పగిలే రోజుకు కూడా గుత్తి కొసన కొత్త మొగ్గలు వస్తూనే ఉంటాయి. అందువల్ల రెండు ఇబ్బందులు. కాడ దగ్గరి కాయలు చక్కెరంతా లాగేసుకుంటే కొసన ఉన్న పూలు రాలిపోతాయి. గుత్తిని గుత్తిగా కోసి అమ్ముదామంటే సగం పండు, పావు వంతు పచ్చికాయ, మిగతాది పువ్వు. సూపర్ మార్కెట్లో కాడతో సహా డబ్బాలో పెట్టి అమ్మే గుత్తులన్నీ పదీ పన్నెండు పండ్లు ఒక్కసారిగా ఎర్రబడే రకాలే. అంగడికి కావాల్సింది పొందికైన చిన్న గుత్తి. పువ్వుల లెక్క అక్కడ ఎవరూ అడగరు.

ఇది తెలిశాక పోల్చే కొలత మారాలి. గుత్తికి ఎన్ని పూలు అన్నది వదిలేసి, ఎన్ని పూలకు ఎన్ని పండ్లు చేతికొచ్చాయి, కిలో కోయడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, రుచి ఎలా ఉంది అని అడగాలి.

చేతికందే రకాలు

విదేశీ బహుపుష్ప రకాల్లో ఎక్కువమంది నోట వినిపించేది రీసెంట్రౌబే. జర్మనుల పాత రకం, ఎర్ర పండు, కొసన చిన్న మొన ఉంటుంది. పూలు వందల్లో, పండ్లు గుత్తికి ఇరవై నుంచి నలభై. ఈ నిష్పత్తి దగ్గరే కథంతా బయటపడుతుంది. పులుపు, తీపి సమంగా ఉంటాయి, తొక్కుకు బాగుంటుంది. ఇల్డీ పసుపు రకం, పండు చిన్న బుగ్గలా కోలగా ఉంటుంది. పూలల్లో పండుగా నిలిచే వంతు రీసెంట్రౌబే కంటే మెరుగు. సెంటిఫ్లోర్ రకాలను ఒరెగాన్‌లో అలన్ కపూలర్ రూపొందించాడు. పేరుకు తగ్గట్టు వంద పూలు దాటడమే వాటి ఘనత. కాలిఫోర్నియాలో బ్రాడ్ గేట్స్ వైల్డ్ బోర్ ఫార్మ్స్ నుంచి వచ్చిన బ్యారీస్ క్రేజీ చెర్రీ లేత పసుపు, మొనదేలిన పండు, గుత్తి బరువుకు కొమ్మ వంగుతుంది. ఈ నాలుగూ తీగలా పాకుతూనే పెరిగేవే. ఎత్తుగా తీగ కట్టకపోతే గుత్తులు మట్టిలో పడతాయి.

వీటి పక్కన పెట్టాల్సినవి గుత్తి చీలకపోయినా పండ్లు ఎక్కువిచ్చే చిన్న రకాలు. మెక్సికో నుంచి వచ్చిన మ్యాట్స్ వైల్డ్ చెర్రీ, కాయోటే ఈ కోవలోవి. వీటికంటే చిన్నది కరెంట్ టమాటా. అది వేరే జాతి, పెరూ, ఈక్వడార్ తీరాల్లో అడవిగా పెరుగుతుంది, పండు ఒకటి రెండు గ్రాములు. తీపిలో అందరూ పోల్చి చూసేది జపాన్‌కు చెందిన టోకిటా కంపెనీ హైబ్రిడ్ సన్‌గోల్డ్. నారింజ రంగు, పండిన రోజున తింటే టమాటా తింటున్నామన్న సంగతి మరిచిపోతాం. పండు తొక్క పలుచన, నీరు కాస్త ఎక్కువైతే చీలుతుంది. విత్తనం దాచుకుంటే తల్లి పోలిక రాదు.

మన దేశపు రకాలను తోటమాలులు చిన్నచూపు చూస్తారు, అది తగదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా చెర్రీ టమాటా-1ను పాలీహౌస్ కోసమే విడుదల చేసింది, ఆ తర్వాత బంగారు రంగు పూసా గోల్డెన్ చెర్రీ టమాటా-2 వచ్చింది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి పంజాబ్ రెడ్ చెర్రీ, సోనా చెర్రీ, కేసర్ చెర్రీ ఉన్నాయి: ఎరుపు, పసుపు, నారింజ. గుత్తికి ఇరవై పైచిలుకు పండ్లు. ఫొటోకు అంత అందం రాదు కానీ గుత్తి దాదాపు కలిసికట్టుగా పండుతుంది. రైతుకు కావాల్సిన గుణం ఇదే.

ఇక్కడి ఎండ, ఇక్కడి నీళ్లు

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలను 2016లో విడగొట్టి ఎన్ని చేసినా నేల ఒక్కటే. ఎర్ర చెల్క, కింద గ్రానైటు, పైన పలుచని మట్టి. సాలుకు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగు నెలల్లో, నమ్మకం లేకుండా. కృష్ణ పక్కనే పారుతున్నా ఎత్తు మీది ఊళ్లకు దశాబ్దాల పాటు బోరే దిక్కు. ఇప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల, నల్లగొండ వైపు మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ నీళ్లు కొన్ని మండలాల దాకా వచ్చాయి. కాలువ వచ్చినచోట రైతు వరికి పోయాడు. కూరగాయ ఇంకా బోరు కిందే, డ్రిప్ మీదే బతుకుతోంది.

టమాటాకు ఎర్ర చెల్క చెడ్డ నేల కాదు. నీరు నిలవదు, వేరు కుళ్లదు. పశువుల ఎరువు బాగా వేసి మల్చింగ్ షీట్ పరిస్తే సరిపోతుంది. అసలు అడ్డంకి ఎండ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24కు తగ్గకపోతే పుప్పొడి చచ్చిపోతుంది, కీలాగ్రం కేసరాల గొట్టాన్ని దాటి బయటికి పొడుచుకొస్తుంది, పువ్వు పసుపుబారి కాడ దగ్గర తెగి రాలుతుంది. మార్చి రెండో వారం నుంచి జూన్ దాకా ఇక్కడ ఇదే పరిస్థితి. చిన్న పండ్ల రకాలు పెద్ద రకాలకంటే ఎండను కొంచెం మెరుగ్గా ఓర్చుకుంటాయి, ఒక్క పండుకు పెట్టే ఖర్చు తక్కువ కాబట్టి. కానీ బహుపుష్ప గుత్తికి ఆ ఓర్పు ఉపయోగపడదు. దాని పూత నెలన్నర సాగుతుంది. ఫిబ్రవరి మొదట్లో విచ్చుకోవడం మొదలుపెట్టిన గుత్తి సగానికి వచ్చేసరికి ఎండ ముదురుతుంది, తర్వాతి సగమంతా నేలరాలుతుంది. జర్మనీలో పూత కొసదాకా సాగడానికీ ఇక్కడ సగంలో ఆగిపోవడానికీ తేడా విత్తనంలో లేదు.

అందుకే బహుపుష్ప రకానికి ఇక్కడ ఒక్కటే కాలం ఉంది. స్వాతి కార్తెలో, అంటే అక్టోబరు ఆఖరుకు, ప్రోట్రేల్లో విత్తి, నవంబరు చివర నాటాలి. నారు చలి చూస్తుంది, గుత్తులు పెద్దవొస్తాయి. డిసెంబరు, జనవరి రాత్రులు పన్నెండు పదహారు డిగ్రీల మధ్య ఉంటాయి, పగలు మెత్తగా ఉంటుంది. మొదటి నాలుగైదు గుత్తులు ఈ సందులో నిలవాలి. ఆ పైన వచ్చే గుత్తుల మీద ఆశ పెట్టుకోకుండా ఫిబ్రవరి చివర తల తుంచేయడం మేలు. వానాకాలంలో వేస్తే ఆగస్టు, సెప్టెంబరు ముసురుకు ఆకుమాడు తెగులు, తడికి పండు పగుళ్లు. దట్టమైన గుత్తి లోపల తడి ఆరక బూజు పడుతుంది.

రంగు విషయంలోనూ ఎండ తన పని చేస్తుంది. 30 డిగ్రీలు మించితే పండులో ఎరుపునిచ్చే లైకోపీన్ తయారీ తగ్గిపోతుంది, పసుపు వర్ణకాలు మాత్రం వస్తూనే ఉంటాయి. మార్చి నెల రీసెంట్రౌబే పండు ఎర్రగా కాకుండా నారింజగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఇల్డీకి ఈ బాధ లేదు, దాని రంగే పసుపు. ఎండాకాలం అంచుదాకా పండించాలనుకునేవారు పసుపు రకాలే ఎంచుకోవడం మంచిది. ఈ సంగతి ఏ విత్తన ప్యాకెట్ మీదా రాయరు.

ఇక నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు భూగర్భజలం అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, మూడు తరాల వెన్నెముకలు వంచిన నీళ్లవి. టమాటాకు ఆ నీరు పెడితే ఫ్లోరైడ్ ఎక్కువభాగం వేరులో, కొంత ఆకులో నిలుస్తుంది, పండు దాకా పోయేది తక్కువ. ఆకుకూరల విషయంలో ఇదే మాట చెప్పలేం. ఫ్లోరైడ్ వేరు, ఉప్పదనం వేరు. రెండింటినీ ఒకటిగా మాట్లాడటం మన దగ్గర అలవాటైంది. ఉప్పు నీటికి చెర్రీ టమాటాతో ఒక పాత స్నేహం ఉంది. సిసిలీ దీవి దక్షిణ కొసన పచీనో అనే ఊరుంది. అక్కడి బావులు ఉప్పగా ఉంటాయి. 1989లో ఇజ్రాయెల్ విత్తన సంస్థ హజేరా చెర్రీ రకాలను అక్కడికి తెచ్చింది. ఉప్పు నీటికి పండు చిన్నదై చక్కెర చిక్కబడింది. 2003లో పచీనో టమాటాకు ఐరోపా భౌగోళిక గుర్తింపు దక్కింది, లోకమంతా దాని రుచి పేరు చెప్పుకుంటోంది. దిగుబడి తగ్గితే నష్టమనుకునే చోట పచీనో రైతు తగ్గిన దిగుబడికి ఎక్కువ ధర పెట్టించుకున్నాడు. మన బోర్లలో ఒక మోస్తరు ఉప్పదనం ఉన్నవాటి కింద చెర్రీ రకాలు వేసి చక్కెర కొలిచి చూడటం విలువైన ప్రయోగం. నీటి పరీక్ష చేయించకుండా మాత్రం వద్దు. మట్టిలో సోడియం పేరుకుంటే చెల్క గట్టిపడి, తర్వాత ఏ పంటకూ కొరగాకుండా పోతుంది.

తెల్లదోమ, తామర పురుగు

ఇంతవరకు చెప్పిన ఎండనైనా తేదీ మార్చి తప్పించుకోవచ్చు. వైరస్‌ను అలా తప్పించుకోలేం. తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్, తామర పురుగు మోసే మొవ్వుకుళ్లు వైరస్, ఈ రెండూ దక్షిణ తెలంగాణలో టమాటాను తేల్చేస్తాయి.

మొవ్వుకుళ్లు గురించి పాలమూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అది అసలు వేరుశనగ జబ్బు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి బృందం 1992లో దీన్ని వేరే వైరస్‌గా నిర్ధారించింది. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగి అంటేనే వేరుశనగ. సరిగ్గా మనం బహుపుష్ప టమాటాకు సరైన కాలమని చెప్పుకున్న ఆ మూడు నెలలే. పక్క చేలో వేరుశనగ, గట్టు మీద వయ్యారిభామ, నడుమ టమాటా. ఆకుల మీద రాగి రంగు మచ్చలొచ్చి, మొవ్వు మాడి, పండ్ల మీద వలయాలు పడితే ఆ మొక్క మళ్లీ లేవదు. నారు నైలాన్ నెట్ కింద పెంచడం, నాటే ముందే చుట్టూ మూడు సాళ్లు జొన్నో మొక్కజొన్నో వేసి ఉంచడం, జబ్బు మొక్కను చూసిన రోజే పీకి పారేయడం తప్ప వేరే మందు లేదు. మందుల దుకాణంలో ఎవరైనా వైరస్‌కు మందు అమ్మితే అది తామర పురుగు మందు, లేకపోతే ఉత్త నీళ్లు.

ఆకుముడతకు మాత్రం మొక్కలోనే రక్షణ పెట్టవచ్చు. 1990 ప్రాంతంలో జి. కల్లూ, ఎం.కె. బెనర్జీ ఒక అడవి టమాటా నుంచి తట్టుకునే గుణాన్ని సాగు టమాటాలోకి తెచ్చారు. ఇవాళ టై-2 పేరుతో ప్రపంచమంతా వాడే జన్యువు అదే, మన దేశంలో దొరికింది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ హైబ్రిడ్ అర్క రక్షక్ ఆకుముడత, బాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది. రీసెంట్రౌబే, ఇల్డీ, సెంటిఫ్లోర్‌లో ఇటువంటిదేదీ లేదు. తెల్లదోమ అంతగా లేని చల్లని దేశాల్లో ఎంపికైన రకాలకు ఆ అవసరం రాలేదు. ఆరుబయట ఎకరంలో వీటిని వేయడమంటే పంటను వైరస్‌కు రాసివ్వడమే. నెట్ కింద పది మొక్కలు, పెరట్లో నాలుగు కుండీలు అయితే సరే.

2014లో మహారాష్ట్రలో మొదట కనిపించిన టూటా పురుగు మరుసటి ఏటికే తెలుగు నేలకూ చేరింది. ఆకును, పండును రెండింటినీ తొలుస్తుంది. శనగపచ్చ పురుగుదైతే మరీ అన్యాయం. పెద్ద టమాటాలో ఒక పురుగు ఒకటి రెండు కాయలతో కడుపు నింపుకుంటుంది, చెర్రీ గుత్తిలో అదే పురుగు వరుసగా పది కాయలకు కన్నాలు పెడుతుంది. లింగాకర్షక బుట్టలు, నడుమ నడుమ బంతి సాళ్లు చెర్రీ రకాలకు రెట్టింపు అవసరం.

పాలీహౌస్‌లో వేస్తే పురుగు తగ్గుతుంది కానీ ఇంకో లోటు వస్తుంది. టమాటా పువ్వు తనంత తానే పుప్పొడి పట్టుకునేదే అయినా గాలి కదలికో తుమ్మెద రొదో తగలాలి. చేలో నల్ల తుమ్మెదలు, నీలి పట్టీల తేనెటీగలు పువ్వును పట్టుకుని ఝుమ్మని ఊపి పుప్పొడి రాలుస్తాయి. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. ఐరోపా పాలీహౌస్‌లలో 1980ల చివరి నుంచి బంబుల్ తేనెటీగల పెట్టెలు పెడుతున్నారు, మన దగ్గర ఆ వసతి లేదు. పొద్దున పదింటికి తీగను కర్రతో తట్టడమే మార్గం. రెండు వందల పూల గుత్తికి ఈ పని నెలన్నర రోజులూ తప్పదు.

కోసేవాళ్ల లెక్క

ఎనభై గ్రాముల టమాటాలు కిలోకు పన్నెండు పదమూడు తూగుతాయి. పన్నెండు గ్రాముల చెర్రీ కిలోకు ఎనభై పైన కోయాలి. ఐదు గ్రాముల బహుపుష్ప రకమైతే రెండు వందలు. కరెంట్ టమాటా ఐదు వందల నుంచి వెయ్యి. కోత కూలి మన దగ్గర దాదాపు అంతా ఆడవాళ్లదే. వంగి, గుత్తిలో పండినవి ఏరి, తొక్క చిట్లకుండా, తొడిమతో సహా తీయాలి. పెద్ద టమాటాలు పాతిక కిలోల ట్రే నింపే సమయంలో ఐదు గ్రాములవి రెండు కిలోలు కూడా రావు. వలసలు పోగా మిగిలిన ఊళ్లలో కూలి దొరకడమే గగనమైన పాలమూరులో ఈ ఒక్క లెక్కే చాలా రకాలను కొట్టేస్తుంది.

ధర దీన్ని పూడ్చగలదా? పెద్ద టమాటాకు ధర ఎక్కడా నిలకడగా లేదు. 2023 జులైలో కిలో నూట యాభై దాటి వార్తలకెక్కింది. అదే పంటను ఇంకో నెలలో రోడ్డు పక్కన పారబోసి పోయిన రైతులనూ చూశాం. చెర్రీకి అంత ఎగుడుదిగుడు ఉండదు, కానీ కొనేవాళ్లు కొద్దిమంది: హైదరాబాద్ సూపర్ మార్కెట్లు, హోటళ్లు, పావుకిలో డబ్బాలు ఇంటికి చేర్చే యాప్‌లు. బోయిన్‌పల్లి మార్కెట్‌కు ట్రేల్లో చెర్రీ తీసుకెళ్తే అడిగేవాడుండడు. తెలంగాణ వచ్చిన కొత్తలో ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం సబ్సిడీ ఇచ్చింది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు కట్టినవారికి నగరం గంట దూరం. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో రోజూ యాభై కిలోలు పంపాలంటే ముందు కొనేవాడితో మాట ఖాయం చేసుకుని, తర్వాతే విత్తనం కొనాలి. ఈ వరుస తప్పితే పంట బాగా పండినా అప్పే మిగులుతుంది.

వంటింటి సంగతి వేరు. రీసెంట్రౌబే నాలుగు మొక్కలు ఒక ఇంటికి తొక్కు, చారు, పిల్లల చేతికి గుప్పెళ్ల కొద్దీ పండ్లు ఇస్తాయి. గుత్తి ఒక్కసారి పండకపోవడం అంగట్లో లోపం, ఇంట్లో వరం. రోజూ కొన్ని కొన్ని కావాలి కదా. తుమ్మేటి రఘోత్తమరెడ్డి ప్రచారంలోకి తెచ్చిన మిద్దెతోట పద్ధతి హైదరాబాద్ దాటి చిన్న పట్టణాలకు పాకింది. బహుపుష్ప టమాటాకు నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల మిద్దెలే సరైన చోటు. కిలో లెక్క అక్కడ అక్కర్లేదు, చూపుకూ రుచికీ విలువుంటుంది.

విత్తనం ఎక్కడిది

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చే అమ్మలు, నాన్నలు పెట్టెలో నాలుగు ప్యాకెట్లు తేవడం ఇప్పుడు మామూలైంది. ప్రేమతో చేసే పనే. చట్టానికి మాత్రం అది తప్పు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం తేకూడదు. ఇది కాగితాల గోల కాదు. ఇజ్రాయెల్, జోర్డాన్‌లలో మొదట బయటపడి పదేళ్లలో ఖండాలు దాటిన ముడత పండు వైరస్ విత్తనం తొక్కకు అంటుకునే ప్రయాణిస్తుంది. టై జన్యువులు దాన్ని ఆపలేవు. దేశంలోపలే ఈ రకాలు పండించి విత్తనం పంచే సంఘాలు, చిన్న విత్తన కంపెనీలు ఉన్నాయి. వాళ్ల దగ్గర తీసుకోవడమే నయం. హైబ్రిడ్ కాదు కాబట్టి ఒకసారి కొంటే చాలు. గుత్తి మొదట్లోని పండ్లు బాగా పండనిచ్చి, గింజ పులియబెట్టి, కడిగి నీడన ఆరబెట్టుకుంటే ఏళ్ల తరబడి మొలకెత్తుతుంది. రైతు తన విత్తనం దాచుకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కాపాడుతోంది.

నన్నడిగితే బహుపుష్ప రకాల అసలు విలువ పంటగా కాదు, తల్లి మొక్కగా. టై-2 ఉన్న ఎర్ర చెర్రీతో ఇల్డీని సంకరం చేసి, రెండో తరంలో పెద్ద గుత్తి వచ్చిన నాలుగో వంతును ఏరి, అందులో ఆకుముడత తట్టుకున్నవాటిని మళ్లీ ఏరి, గుత్తిని వందకు కాకుండా ముప్పై పండ్ల దగ్గర ఆపగలిగితే అది ఈ నేలకు తగిన రకం అవుతుంది. పనివాళ్లు దూరంలో లేరు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో టమాటా జన్యు వనరుల భాండాగారం ఉంది, అర్క వికాస్ రకంలో వేల ఉత్పరివర్తన మొక్కలు పెంచిన అనుభవం వాళ్లది. పటాన్‌చెరులో ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్లు ఎండకు తట్టుకునే టమాటా, వైరస్ తట్టుకునే టమాటా మీద పనిచేశారు. రాజేంద్రనగర్‌లో కూరగాయల పరిశోధన స్థానం ఉంది.

పోల్చి చూసే పనైతే ఇంకా దగ్గరలోనే జరగాలి. పాలెం పరిశోధన స్థానం, మోజెర్ల ఉద్యాన కళాశాల, మదనాపురం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు, ఈ నాలుగు చోట్ల ఒకే తేదీన, ఒకే ఆరు రకాలు వేస్తే చాలు. విదేశీ బహుపుష్ప రకాలు రెండు, పంజాబ్, పూసా చెర్రీలు రెండు, ఒక కంపెనీ హైబ్రిడ్, పక్కన అర్క రక్షక్ కొలబద్దగా. ప్రతి రకం మూడు చోట్ల చెదురుగా నాటాలి, ఒకే సాలులో ఒకే రకం పెడితే నేల గుణం రకం గుణంగా కనిపిస్తుంది. రెండో గుత్తి, మూడో గుత్తి పూలు లెక్కించాలి, వాటిలో నిలిచిన కాయలు, చేతికొచ్చిన పండ్లు, పగిలినవి, పురుగు తిన్నవి విడివిడిగా రాయాలి. రిఫ్రాక్టోమీటర్‌తో చక్కెర చూడాలి. కోసే ఆమె చేతికి గడియారం కట్టి కిలోకు పట్టిన సమయం కూడా పట్టికలో వేయాలి. ఆ గడి లేని పట్టిక రైతుకు పనికిరాదు.

ఆ పట్టిక వచ్చేదాకా నా సలహా ఇది. ఎకరం పొలం, కొనేవాడితో ముందు మాట ఉన్న రైతు పంజాబ్, పూసా చెర్రీలను నెట్ కింద పది గుంటలకు మించకుండా మొదలుపెట్టాలి. కొనేవాడు లేని రైతు చెర్రీ జోలికే పోవద్దు, అర్క రక్షక్ లాంటిదే మేలు. పెరడో మిద్దో ఉన్నవాళ్లు ఒక ఇల్డీ, ఒక రీసెంట్రౌబే స్వాతి కార్తెలో విత్తుకోండి, రెండూ పక్కపక్కనే పెంచండి, పూలూ పండ్లూ ఒక నోటుబుక్కులో రాయండి. ఆ కాగితాన్ని ఉగాదిలోపు మీ కృషి విజ్ఞాన కేంద్రానికి ఇవ్వండి.